కిటికీలు తుడిచిన వారంలోపే మళ్లీ సాలెగూళ్లు, కస్టమర్ డబ్బులు ఆపేశారు. ఏం చేయాలి?

మణికొండ_క్లీనర్స్
అందరికీ నమస్తే. మాది చిన్న టీమ్. మణికొండ, నార్సింగి, కోకాపేట వైపు విల్లాలకు, అపార్ట్‌మెంట్లకు కిటికీ అద్దాలు తుడిచే పని చేస్తాం. దసరా ముందు ఒక విల్లా ఒప్పుకున్నాం. లోపలా బయటా అద్దాలు, దోమల మెష్‌లు, గ్రిల్స్, ట్రాక్‌లు అన్నిటికీ కలిపి రేటు మాట్లాడుకున్నాం. పని అయ్యాక ఓనర్ గారు దగ్గరుండి చూసుకున్నారు, బాగుందన్నారు. సగం డబ్బు ఇచ్చి, మిగతాది తర్వాత వేస్తానన్నారు.

వారం తిరక్కుండానే వాట్సాప్‌లో ఫోటోలు పంపారు. పోర్టికో పక్క కిటికీకి, మెట్ల దగ్గరున్న పెద్ద అద్దానికి సాలెగూళ్లు. "మీవాళ్లు అసలు బూజే దులపలేదు, మిగతా డబ్బు ఇచ్చేది లేదు" అంటున్నారు. దులిపిన ఫోటోలు నా దగ్గరున్నాయి, చూపించినా నమ్మట్లేదు.

నిజంగానే అంత తొందరగా మళ్లీ కట్టేస్తాయా? ఇంకో సంగతి. బూజు ఎక్కువున్న కిటికీల దగ్గర ఎంత తుడిచినా అద్దం మీద సన్నటి చారలు మిగులుతున్నాయి. ఒక్కో అద్దం రెండు మూడుసార్లు తుడవాల్సి వస్తోంది. మీరంతా ఎలా చేస్తున్నారు?

లక్ష్మి_హౌస్‌కీపింగ్
ముందు బూజు దులిపి తర్వాత నీళ్లు పెడుతున్నారా, ముందే నీళ్లు కొడుతున్నారా?

మణికొండ_క్లీనర్స్
ముందు పైపుతో నీళ్లు కొడతారండీ మా కుర్రాళ్లు. ఆ ఫోర్సుకు బూజు ఎలాగూ ఊడిపోతుంది కదా అని.

లక్ష్మి_హౌస్‌కీపింగ్
మీ చారలు అక్కడి నుంచే వస్తున్నాయి. సాలీడు దారం ప్రొటీన్. నీళ్లకు కరగదు, సబ్బుకూ కరగదు. తడిస్తే దుమ్ముతో కలిసి ముద్దయి అద్దానికి అతుక్కుంటుంది. అందులో ఒక్క పోగు వైపర్ రబ్బరు కింద ఇరుక్కుందంటే పైనుంచి కింద దాకా గీత పడుతుంది. మళ్లీ తుడుస్తారు. పోగు ఆ రబ్బరు కిందే ఉంటుంది కాబట్టి గీత పక్కకు జరుగుతుందే తప్ప పోదు.

నేను హైటెక్ సిటీలో ఒక ఆఫీసు బిల్డింగ్‌కు సూపర్‌వైజర్‌ని. బూజు పని పూర్తయ్యేదాకా మావాళ్లు బకెట్‌లో నీళ్లు పట్టకూడదు. పొడి బూజు కర్ర, గుండ్రటి నైలాన్ బ్రష్ ఉన్నది వాడండి. ఊడ్చినట్టు అటూ ఇటూ కొడితే గూడు తెగి సగం గోడకు అంటుకుంటుంది. కర్రను చేతిలో తిప్పుతూ, పీచుమిఠాయి పుల్లకు చుట్టినట్టు గూడంతా బ్రష్‌కే చుట్టుకోవాలి. సన్‌షేడ్ అడుగు నుంచి మొదలుపెట్టి పై ఫ్రేమ్ మూలలు, గ్రిల్ వెనక భాగం, మెష్ చూసుకుంటూ కిందికి రండి. కొన్ని కిటికీలకోసారి బ్రష్‌ను గోనెసంచి మీద గట్టిగా రుద్దితే చుట్టుకున్నదంతా వచ్చేస్తుంది. లేకపోతే ఈ కిటికీ బూజు తీసుకెళ్లి ఆ కిటికీకి పూసినట్టే.

యూపీవీసీ కిటికీలైతే కింది ఫ్రేమ్‌లో వాన నీళ్లు పోవడానికి చిన్న కంతలుంటాయి. పగలంతా సాలీళ్లు దాక్కునేది అక్కడే. మీరు నీళ్లు కొట్టగానే బయటికొచ్చి, అప్పుడే తుడిచిన అద్దం మీద ఊరేగుతాయి. ఆ కంతలను పాత టూత్ బ్రష్‌తో ముందే కెలికి వదిలేయండి.

గుడ్ల మూటలు కూడా చూసుకోండి. మూలల్లో తెల్లగానో లేత గోధుమ రంగులోనో బొడిపెల్లా ఉంటాయి. బ్రష్‌కు రావు, ప్లాస్టిక్ ముక్కతో గీకి తీయాలి. వదిలేస్తే ఒక్కోదాంట్లోంచి పదుల్లో, కొన్నిట్లోంచి వందల్లో పిల్లలు వస్తాయి.

గూళ్ల కింద అద్దం మీద కనిపించే తెలుపు, నలుపు చుక్కలు సాలీడు రెట్టలు. పొడి అద్దం మీద బ్లేడు పెట్టి గీకొద్దు. సబ్బునీళ్లలో ముంచిన బట్ట కాసేపు అంటించి ఉంచితే నాని మెత్తబడతాయి. టఫెన్డ్ గ్లాస్ (వేడిచేసి గట్టిపరిచిన అద్దం) అయితే నానినా బ్లేడు జోలికి పోవద్దు. తయారీలో అద్దం మీద కంటికి కనిపించనంత సన్న గరుకు మిగిలిపోతే, బ్లేడు దాన్నే ఈడ్చి గీతలు పెడుతుంది. అప్పుడు అద్దం ఖరీదు మీ నెత్తిన పడుతుంది.

తాడుమీద_శీను
అక్క చెప్పినదానికి నాదొకటి. నేను తాడు మీద దిగి ఎత్తు బిల్డింగుల అద్దాలు తుడుస్తా. మాకు సాలీడుతో ప్రమాదం అది కుట్టడం కాదు, మనం ఉలిక్కిపడటం. పై ఫ్లోర్ సన్‌షేడ్ అంచు నుంచి ఒకటి సర్రున ముఖం మీదికి దిగిందనుకోండి, కొత్త కుర్రాడైతే రెండు చేతులూ వదిలేస్తాడు. హార్నెస్ ఉంది కాబట్టి పడడు. చేతిలో బకెట్టో వైపరో పడుతుంది, కింద జనం ఉంటారు. అందుకే పనిముట్లన్నీ తాడుతో నడుముకు కట్టుకోవాలి. కళ్లజోడు, ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మెడకు గుడ్డ ఉండాలి. హార్నెస్ కొనేటప్పుడు ఐఎస్ 3521 ముద్ర చూసుకోండి, రోడ్డు మీద అమ్మే బెల్టులు వద్దు.

దిగేముందు తలపైన అంచును బ్రష్‌తో ఒకసారి తిప్పి, కాస్త ఆగి అప్పుడు కిందికి దిగుతా. గాలికి ఎదురుగా నిలబడి దులిపితే మొత్తం నోట్లోకే వస్తుంది.

వైజాగ్_వాసు
ఇంత తతంగం ఎందుకు బ్రదర్. పెస్ట్ కంట్రోల్ వాళ్లు కొట్టే సైపర్‌మెత్రిన్ తెచ్చి ఫ్రేముల చుట్టూ కొట్టేయ్. ఆరు నెలలు ఒక్క సాలీడు రాదు.

లక్ష్మి_హౌస్‌కీపింగ్
వాసు గారూ, ఆరు నెలల మాట ఎవరు చెప్పారు? మా బిల్డింగ్‌లో పెస్ట్ కంట్రోల్ వాళ్లే అంత మాట ఇవ్వరు.

జువాలజీ_సుధ
స్ప్రే గురించి నాలుగు మాటలు. నేను ఎమ్మెస్సీ జువాలజీ చదివాను, ఇప్పుడు పాఠాలు చెబుతున్నా.

బొద్దింక మందు మీద నుంచి పాకి, తర్వాత కాళ్లూ మీసాలూ నాక్కుంటుంది కాబట్టి చస్తుంది. సాలీడు కాళ్ల కొసల మీద నడుస్తుంది. ఎక్కువసేపు గూట్లో గాల్లోనే ఉంటుంది. గోడకు కొట్టిన మందు దానికి అంటేది తక్కువ. నేరుగా దాని మీద కొడితే చస్తుంది, నిజమే. కానీ గూడు అక్కడే ఉంటుంది, అది దులపాల్సిందే. సైపర్‌మెత్రిన్, డెల్టామెత్రిన్ లాంటి మందులు చేపలకూ తేనెటీగలకూ బాగా విషం. బాల్కనీలో చేపల తొట్టి ఉంటే ఊహించుకోండి. ఇదే కుటుంబానికి చెందిన పెర్మెత్రిన్ పిల్లులకు ప్రాణాంతకం. పైగా డబ్బు తీసుకుని ఇంకొకరి ఇంట్లో పురుగుమందు కొట్టాలంటే 1968 నాటి పురుగుమందుల చట్టం కింద లైసెన్స్ ఉండాలి. కిటికీలు తుడిచేవాళ్లు ఆ తలనొప్పి ఎందుకు పెట్టుకోవడం?

ఇక మణికొండ గారి అసలు ప్రశ్న. అవును, ఒక్క రాత్రిలో కట్టేస్తాయి. చక్రంలా గుండ్రటి గూడు కట్టే జాతుల్లో చాలావాటికి రోజూ పాత వల విప్పి తినేసి, ఆ ప్రొటీన్‌తోనే కొత్తది అల్లుకునే అలవాటు. గంటలోపే పూర్తయిపోతుంది. అందుకే పొద్దున చూస్తే తళతళా కొత్తగా ఉంటుంది.

మనం ఇంట్లో బూజు అనేది ఇంకో రకం. పొడుగు సన్న కాళ్ల సాలీడు ఉంటుంది చూడండి, ముట్టుకుంటే గూట్లోనే గజగజా ఊగిపోతుంది. అది ఒక పద్ధతంటూ లేని చిక్కుగూడు కడుతుంది. రోజూ విప్పి కట్టదు, ఉన్నదానికే అల్లుకుంటూ పోతుంది. ఆ దారాలకు నెలల తరబడి దుమ్ము పట్టి బూడిద రంగులో వేలాడుతుంటే అదే బూజు. గుడ్లను కూడా ఈ సాలీడు మూట కట్టి నోట్లో పట్టుకునే తిరుగుతుంది, గోడకు అంటించదు.

కాబట్టి మీ ఓనర్ పంపిన ఫోటోలు పెద్దవి చేసి చూడండి. దుమ్ము లేని చక్రాలైతే మీరు వెళ్లాక కట్టినవి. బూడిద రంగు తోరణాలైతే మీ వాళ్లు వదిలేసినవి. వారంలో అంత దుమ్ము పట్టదు, పక్కన కన్‌స్ట్రక్షన్ జరుగుతుంటే తప్ప.

తాడుమీద_శీను
మేడం, నాకెప్పట్నుంచో డౌట్. ఇరవయ్యో ఫ్లోర్ బయటి అద్దానికి సాలీడు ఎలా వస్తుంది? చెట్టు లేదు, పాకడానికి గోడ లేదు. కస్టమర్లు కూడా అడుగుతారు.

జువాలజీ_సుధ
ఎగిరి వస్తుంది. పిల్ల సాలీళ్లు ఎత్తైన కొసకెక్కి, పొట్ట పైకెత్తి సన్నని పోగు వదులుతాయి. గాలి ఆ పోగును పట్టుకుని వాటిని లేపుకుపోతుంది. 1832లో డార్విన్ బీగిల్ ఓడ మీద ఉన్నప్పుడు, తీరానికి అరవై మైళ్ల దూరంలో ఓడ తాళ్ల నిండా ఇలాంటి చిన్న సాలీళ్లు కనిపించాయని రాసుకున్నాడు. గాలి ఒక్కటే కాదు, వాతావరణంలో ఉండే విద్యుత్ క్షేత్రం కూడా వాటిని లేపగలదని 2018లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు ప్రయోగం చేసి చూపించారు. అరవై మైళ్ల సముద్రం దాటేవాటికి మీ ఇరవై అంతస్తులు ఏపాటి.

తాడుమీద_శీను
మాకంటే ముందు లైసెన్స్ లేకుండా తాడు పని చేస్తున్నాయన్నమాట 😄

గచ్చిబౌలి_ఓనర్
కస్టమర్ వైపు నుంచి ఒక మాట. సాలీడు రాత్రికి రాత్రే కడుతుందని మాకు ఎవరూ చెప్పరు. "మొత్తం క్లీన్ చేసి ఇస్తాం సార్" అంటారు, వేలకు వేలు తీసుకుంటారు. పండక్కి చుట్టాలు వచ్చేసరికి గుమ్మం పక్క కిటికీకే గూడు ఉంటే కోపం రాదా? పని మొదలుపెట్టేముందే ఏది మీ బాధ్యతో ఏది కాదో చెప్పండి. పని అయ్యాక చెబితే అది సాకులాగే వినిపిస్తుంది.

మణికొండ_క్లీనర్స్
సార్ మాట ఒప్పుకుంటా. సుధ మేడం, మీరు చెప్పినట్టే ఫోటోలు పెద్దవి చేసి చూశా. పోర్టికో దగ్గరవీ మెట్ల దగ్గరవీ గుండ్రటి కొత్త గూళ్లే, దుమ్ము లేదు. ఒకదాని మధ్యలో తెల్లటి ఎక్స్ గుర్తు కూడా ఉంది. బూడిద రంగుది ఒక్కటే ఉంది, అది ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక. ఏసీలు మా కొటేషన్‌లో లేవు.

జువాలజీ_సుధ
ఎక్స్ గుర్తు ఉంటే ఆర్జియోపీ అనే తోట సాలీడు అయ్యుంటుంది. ఆ ఇంటికి తోట ఉందా? మన పెరళ్లలో మామూలే, మనిషికి హాని చేయదు.

ఇంకో ప్రశ్న. ఆ పోర్టికోలో, మెట్ల దగ్గర రాత్రంతా తెల్ల లైట్లు వెలుగుతాయా?

మణికొండ_క్లీనర్స్
వెలుగుతాయి మేడం. పెద్ద తెల్ల ఎల్ఈడీలు. తెల్లారే దాకా ఆపరు.

జువాలజీ_సుధ
అదే సంగతి. సాలీడు కిటికీ కోసం రాదు, లైటుకు వచ్చే పురుగుల కోసం వస్తుంది. ఎక్కువ పురుగులను లాగేది నీలం రంగు వాటా ఎక్కువున్న తెల్ల వెలుగు. అదే చోట పసుపు రంగు వార్మ్ ఎల్ఈడీ పెడితే పురుగులు తగ్గుతాయి, మోషన్ సెన్సర్ పెడితే ఇంకా తగ్గుతాయి. తిండి లేని చోట సాలీడు ఉండదు. వానాకాలం ఆఖర్లో, దసరా దీపావళి రోజుల్లో పురుగులు ఎలాగూ ఎక్కువ. మీ పని సరిగ్గా ఆ సీజన్‌లోనే పడింది.

మెల్‌బోర్న్_మూర్తి
నేను ఇక్కడ మెల్‌బోర్న్‌లో ఇదే పని చేస్తున్నా. మాకు ఇళ్ల కిటికీ మూలల్లో నల్లటి సాలీడు ఒకటి స్థిరనివాసం ఉంటుంది. గరాటు ఆకారంలో, లేసు అల్లినట్టు ఉండే గూడు. తరిమేదాకా ఆ చోటు వదలదు, పాతదాని మీదే కొత్త పోగులు వేస్తూ మురికి చేస్తుంది. లోపలి గరాటు వదిలేసి పైపైన దులిపితే మర్నాటికే మరమ్మతు అయిపోతుంది.

భయపడాల్సింది రెడ్‌బ్యాక్‌కు. ఆడది నల్లగా ఉంటుంది, వీపు మీద ఎర్ర చార. కిటికీ గట్టు అడుగున, పూలకుండీల వెనక, నీడా పొడీ ఉన్నచోట ఉంటుంది. దానికి విరుగుడు మందు 1956 నుంచి ఉంది. కుడితే కట్టు బిగించకూడదు, ఐస్ పెట్టి ఆస్పత్రికి వెళ్లాలి. అందుకే ఇక్కడ చూడకుండా గట్టు కింద చెయ్యి పెట్టడం నిషేధం. గ్లోవ్స్ లేకుండా ఎవరూ పని మొదలుపెట్టరు.

మా వాళ్లు కొందరు బూజు దులిపాక ఫ్రేములకు పుదీనా నూనె నీళ్లు కొడతారు. పనిచేస్తుందో లేదో గాని కస్టమర్‌కు వాసన నచ్చుతుంది.

జువాలజీ_సుధ
మూర్తి గారూ, దాని మీద 2018లో ఒక పరిశోధన వచ్చింది. పుదీనా నూనెకు కొన్ని జాతులు దూరం జరిగాయి, నిమ్మ నూనెను మాత్రం లెక్కచేయలేదు. కిటికీల మీద ఎన్నాళ్లు పనిచేస్తుందన్నది వేరే సంగతి. దాన్ని నమ్ముకుని గ్యారంటీ మాత్రం ఇవ్వొద్దు.

జగిత్యాల_దుబాయ్
మాకు దుబాయ్‌లో సాలీళ్ల బాధ తక్కువ, ఇసుక బాధ ఎక్కువ. టవర్లకు గొండోలా (పైనుంచి తాళ్లకు వేలాడే తొట్టి) మీద పని. బుర్జ్ ఖలీఫాకు 24,348 కిటికీలని చెప్తారు, ఒక్క చుట్టు తుడవడానికి మూడు నెలలు పడుతుంది. ఎండాకాలం జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం పన్నెండున్నర నుంచి మూడింటి వరకు బయట పని చేయించకూడదని రూలు. సాలెగూళ్లు గార్డెన్ ఉన్న విల్లాల్లోనే చూశా. అక్కడ కూడా లైట్ల దగ్గరే. మేడం చెప్పింది కరెక్ట్.

నెల్లూరు_నాని
అన్నా, మధ్యలో అడుగుతున్నా, ఏమనుకోకండి. మా కుర్రాడికి మెష్‌లు దులిపిన మర్నాడు మెడ మీద ఎర్రగా చారలా కాలినట్టు వచ్చి పొక్కులు లేచాయి. సాలీడు పాకిందని వాళ్లమ్మ పసుపు, వేపాకు పూస్తోంది. నిజంగా సాలీడేనా?

మందులషాపు_మాధవి
చూడకుండా చెప్పలేను గానీ, ఇలాంటివాటిలో సాలీడు అయ్యేది అరుదు. లైట్లకు వచ్చే పురుగుల్లో సన్నగా, చీమలాగా, ఎరుపూ నలుపూ పట్టీలున్న చిన్న పురుగు ఉంటుంది. అది కుట్టదు, కరవదు. చర్మం మీద చితికితే దాని ఒంట్లో రసం మంట పెట్టి, రాసుకున్న మేర చారలా పొక్కిస్తుంది. మెష్‌లో చచ్చినవి, బతికినవి బోలెడుంటాయి. ఒంటి మీద వాలితే కొట్టకుండా ఊది పంపేయాలి. చితికితే వెంటనే సబ్బుతో కడగాలి, ఆ చేత్తో కళ్లు నలపొద్దు.

పొక్కులు ఒంటికి ఒకవైపే గుంపులుగా వచ్చి, లోపల్నుంచి సలుపుతుంటే మాత్రం అది సర్పి కావచ్చు. దానికి మందు మూడు రోజుల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. వేపాకు పక్కన పెట్టి రేపే డాక్టర్‌కు చూపించండి.

నెల్లూరు_నాని
థాంక్సండీ. రేపు తీసుకెళ్తా.

అనంతపురం_అబ్బాయి
ఇన్ని సాలీళ్ల గురించి మాట్లాడి మా గుత్తి సాలీడును వదిలేశారే! నీలంగా మెరిసిపోతుంది. 1899లో గుత్తి రైల్వే కలప యార్డులో దొరికిన దాన్ని చూసి పేరు పెట్టారు. తర్వాత వందేళ్లు ఎవరికీ కనబడలేదు. 2001లో నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో మళ్లీ దొరికింది.

తాడుమీద_శీను
అది కిటికీకి వస్తే నేను తాడు కోసుకుని దిగిపోతా తమ్ముడూ.

జువాలజీ_సుధ
రాదు, చెట్టు తొర్రల్లో ఉంటుంది. అంతరించిపోయే దశలో ఉంది పాపం.

కిటికీల దగ్గర మీరు భయపడే పెద్ద గోధుమ రంగు సాలీడు వేరే, అరచేయంత కాళ్లతో గోడ మీద పరుగెడుతుంది. అది గూడే కట్టదు, బొద్దింకలను తింటుంది. పొట్ట కింద తెల్లటి బిళ్ల ఉంటే అవి గుడ్లు. చంపకుండా డబ్బా బోర్లించి, కింద అట్ట తోసి బయట వదిలేయండి.

లక్ష్మి_హౌస్‌కీపింగ్
కార్తీకమాసంలో కొందరు ఓనర్లు మనం ఏం చేసినా ఊరుకోరు. మొన్న ఒకావిడ "శ్రీకాళహస్తిలో శివుడికి గుడి కట్టిన జీవమమ్మా, చంపొద్దు" అని పక్కనే నిలబడ్డారు. డబ్బా, అట్ట ఎప్పుడూ బ్యాగులో ఉంచుకుంటాం. చంపి అద్దానికి మరక చేసుకోవడం కంటే అదే తేలిక.

మణికొండ_క్లీనర్స్
అందరికీ థ్యాంక్స్. ఓనర్ గారికి ఫోన్ చేసి, ఫోటోల్లో కొత్త గూడూ పాత బూజూ ఎలా గుర్తుపట్టాలో చూపించా. లైట్ల సంగతీ చెప్పా. కాసేపు వాదించారు. చివరికి ఏసీ వెనకది కూడా దులిపి ఇస్తే మిగతా డబ్బు ఇస్తానన్నారు. మావాడు వెళ్లి దులిపి వచ్చాడు, సాయంత్రం డబ్బు పడింది. లైట్లు మార్చమంటే మాత్రం "ఆలోచిస్తా" అన్నారు.

ఇకనుంచి కొటేషన్‌లో ఇలా రాద్దామనుకుంటున్నా, చూసి చెప్పండి:

"పని జరిగే రోజున ఉన్న బూజు, సాలెగూళ్లు, గుడ్ల మూటలు కిటికీ ఫ్రేము, గ్రిల్, మెష్, సన్‌షేడ్ అడుగు నుంచి తీసివేస్తాం. ఏసీ యూనిట్లు, లైట్ ఫిటింగులు, పావురాల వలలు ఇందులో లేవు, కావాలంటే విడిగా రేటు. సాలీళ్లు రాత్రికి రాత్రే కొత్త గూడు కట్టగలవు కాబట్టి తర్వాత కట్టినవాటికి మా బాధ్యత ఉండదు. పురుగుమందు మేం వాడం. పని పూర్తయిన రోజే కస్టమర్ చూసుకుని ఓకే చెప్పాలి."

గచ్చిబౌలి_ఓనర్
ఇది ముందే ఇస్తే నేను సంతకం పెడతా. "నెల తర్వాత ఒకసారి ఉత్త బూజు మాత్రం దులపడానికి ఇంత" అని కింద ఇంకో లైను పెట్టండి. చాలామంది తీసుకుంటారు. నాకే కావాలి.

లక్ష్మి_హౌస్‌కీపింగ్
బాగుంది. పని కాగానే తీసే ఫోటోల్లో సన్‌షేడ్ అడుగు కూడా తీయించండి, అందరూ అద్దం ఫోటోలే తీస్తారు.

నెల్లూరు_నాని
అన్నా ఈ కొటేషన్ నేను వాడుకోవచ్చా? ఇంతకీ పావురాల వల మీద బూజు ఎలా తీస్తారు? బ్రష్ పెడితే వలకే చిక్కుకుంటోంది.

తాడుమీద_శీను
దానికి బ్రష్ వద్దు తమ్ముడూ. బాల్కనీ లోపల నిలబడి బ్లోయర్‌తో బయటికి కొట్టు, కింద ఎవరూ లేకుండా చూసుకుని. బ్లోయర్ లేకపోతే పొడి మైక్రోఫైబర్ గుడ్డ చేతికి చుట్టుకుని వల మీద పైనుంచి కిందికి దువ్వు. పావురాల రెట్ట ఎండిపోయి ఉంటే మాత్రం బ్లోయర్ పెట్టొద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. ముందు తడిపి రెట్ట తీసెయ్. ముఖానికి మాస్క్ కట్టుకో, కర్చీఫ్ సరిపోదు.

మణికొండ_క్లీనర్స్
వాడుకో నాని, ఏసీ లైను మాత్రం తీసెయ్యకు.